యాంకీ హోటల్ ఫాక్స్‌ట్రాట్: అందరూ చెప్పే కంపెనీ కథ, ఎవరూ చెప్పని మిక్సింగ్ కథ

విల్కో అనే అమెరికన్ బ్యాండ్ గురించి ఎవర్ని కదిపినా ముందు ఒకటే కథ చెబుతారు. 2001లో వాళ్లు ‘యాంకీ హోటల్ ఫాక్స్‌ట్రాట్’ అనే ఆల్బమ్ పూర్తిచేసి రిప్రైజ్ రికార్డ్స్‌ అనే రికార్డు కంపెనీ చేతిలో పెట్టారు. కంపెనీకి నచ్చలేదు. మార్పులు చేయమంది, బ్యాండ్ చేయనంది, అయితే మీ దారి మీరు చూసుకోండి అని మాస్టర్ల, అంటే అసలు రికార్డింగుల, హక్కులు కూడా ఇచ్చేసి పంపేసింది. వీళ్లు ఆ పాటల్ని తమ వెబ్‌సైట్‌లో ఊరికే వినిపించేసి, తర్వాత అదే ఆల్బమ్‌ని నన్‌సచ్ అనే ఇంకో కంపెనీకి అమ్మారు. ఇక్కడే అందరూ నవ్వుతారు. ఎందుకంటే రిప్రైజూ, నన్‌సచ్చూ రెండూ వార్నర్ అనే ఒకే పెద్ద సంస్థవే. ఒకే ఇంట్లోంచి ఒకే సరుక్కి రెండుసార్లు డబ్బు వచ్చింది.

ఈ కథ మా మావయ్యకి చెప్పాను, దాళ్వా ధాన్యం మిల్లుకి తోలుతున్న రోజుల్లో. ఆయన ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. “ఓస్, అంతేనా! తేమ పదిహేడు శాతం దాటిందని మన బస్తాలు ఎనక్కి పంపి, సాయంత్రానికి ఆళ్ల బామ్మర్ది చేత కొనిపించుకునే మిల్లు లేదేంట్రా మనకి? కాకపోతే ఆళ్లు రెండోసారి ఎక్కువిచ్చి కొన్నారు, ఈళ్లు తక్కువిచ్చి కొంటారు” అన్నాడు. అంతకంటే బాగా ఆ వ్యవహారాన్ని ఎవరూ చెప్పలేరు కాబట్టి కంపెనీ సంగతి ఇక్కడితో వదిలేద్దామనే ఉంది. కానీ ఆ కథ ఎంత రుచిగా ఉంటుందంటే, దాని వెనకాల జరిగిన అసలు పని ఎవరికీ కనబడకుండా పోయింది. నాకు చెప్పాలనున్నది ఆ పని గురించి.

నేను పాలకొల్లు చుట్టుపక్కల ఫంక్షన్లకీ, చర్చి మీటింగులకీ సౌండ్ పెడతాను. ఆదివారం ఆరాధనలో బేస్ గిటార్ వాయిస్తాను. మా వైపు గిటారూ డ్రమ్సూ కీబోర్డూ వచ్చిన కుర్రాళ్లలో చాలామందికి చర్చే సంగీతం బడి, ఆ సంగతి బయటివాళ్లకి పెద్దగా తెలియదు. మిక్సర్ ముందు కూర్చున్నవాడికి ఒక విషయం తొందరగా అర్థమైపోతుంది. స్టేజీ మీద ఉన్న ప్రతివాడూ చెయ్యి పైకెత్తి ‘నాది పెంచన్నా’ అంటాడు. నాది తగ్గించన్నా అన్నవాణ్ణి నేనింతవరకు చూడలేదు. అందుకే ఈ ఆల్బమ్ వింటున్నప్పుడు నాకు కంపెనీ గుర్తురాదు, ఎవరో ఒకడు ధైర్యంగా ఫేడర్లు, అంటే మిక్సర్ మీద శబ్దం పెంచే తగ్గించే మీటలు, కిందకి లాగేయడం వినబడుతుంది.

కొంచెం ముందు నుంచి చెప్తాను. అంకుల్ టుపెలో అనే బ్యాండ్ విడిపోయినప్పుడు 1994లో మిగిలినవాళ్లతో పాడేవాడు జెఫ్ ట్వీడీ మొదలుపెట్టింది విల్కో. మొదట్లో వాళ్లది పల్లెటూరి వాసనున్న రాక్, కంట్రీ సంగీతం పాలు ఎక్కువ. 1999లో వచ్చిన మూడో ఆల్బమ్‌కి జే బెన్నెట్ అనే ఆయన చెయ్యి బాగా పెరిగింది. గిటారు, పియానో, ఆర్గాన్, ఏది దొరికితే అది వాయించేవాడు, పైగా ఇంజనీరింగ్ కూడా తెలిసినవాడు. పాట మీద పొర, పొర మీద ఇంకో పొర వేసుకుంటూ పోవడం ఆయనకి ఇష్టం. షికాగోలో ది లాఫ్ట్ అని వాళ్లకి సొంత చోటు ఉండేది, 2000 చివర్లో అక్కడే కొత్త ఆల్బమ్ పని మొదలైంది. గంట లెక్కన అద్దె కట్టక్కర్లేని సొంత చోటు కాబట్టి ఒక్కో పాటని రకరకాలుగా వాయించి చూశారు. అదే పాట ఒకసారి వేగంగా, ఒకసారి నిద్రపోతున్నట్టు, ఒకసారి గోలగోలగా. శామ్ జోన్స్ అనే ఫోటోగ్రాఫర్ ఇదంతా నలుపు తెలుపు ఫిల్మ్ మీద తీసుకుంటూ కూర్చున్నాడు. ఆయన ఒక మామూలు బ్యాండ్ ఆల్బమ్ చేసుకోవడం తీద్దామని వచ్చి ఉంటాడు పాపం, ఆయనకి దొరికింది వేరే సినిమా.

అదే సమయంలో ట్వీడీకి జిమ్ ఓరూర్క్ పరిచయమయ్యాడు. ఓరూర్క్ ప్రయోగాల మనిషి, రాక్ వాళ్లకంటే శబ్దాలతో ఆడుకునేవాళ్లతో ఎక్కువ తిరిగేవాడు. ఆయన వెంట గ్లెన్ కోచీ అనే డ్రమ్మర్ వచ్చాడు. ముగ్గురూ కలిసి పక్కన వాయించుకుంటూ ఉండగా ట్వీడీకి ఇదే నాకు కావాల్సిన డ్రమ్ము అనిపించి, 2001 మొదట్లో పాత డ్రమ్మర్ కెన్ కూమర్‌ని తీసేసి కోచీని పెట్టుకున్నాడు. కూమర్ మొదటి ఆల్బమ్ నుంచి ఉన్నవాడు. నిర్ణయం సంగీతపరంగా సరైందే అని ఆల్బమ్ మొదటి పాట మొదటి నిమిషంలోనే తెలిసిపోతుంది. కోచీ అక్కడ తాళం వేయడు, గిన్నెలు సర్దుకుంటున్నట్టు చప్పుళ్లు చేస్తూ ఉంటాడు, అయినా పాట నడిచిపోతుంది. సరైందే, కానీ మనిషిగా నాకు కూమర్ మీద జాలి పోలేదు.

ఇప్పుడు మిక్సింగ్, అంటే విడివిడిగా రికార్డు చేసినవాటిలో ఏది ఎక్కడ ఎంత వినబడాలో తేల్చే పని. రికార్డు చేసిన పొరలన్నీ పోగుపడ్డాయి. మిక్స్ బాధ్యత తనదే అని బెన్నెట్ అనుకున్నాడు, అనుకోవడంలో తప్పు లేదు, ఆ శబ్దాల్లో చాలావాటిని పుట్టించిందీ రికార్డు చేసిందీ ఆయనే. ట్వీడీ మొదటి పాటని ఓరూర్క్‌కి ఇచ్చి చూశాడు. ఓరూర్క్ చేసిన పని చెప్పుకోవడానికి చాలా చిన్నది: తీసేశాడు. అన్ని వాయిద్యాలూ మొదటి నుంచి చివరిదాకా ఒకేసారి మోగుతున్న చోట కొన్నిటిని మూసి, ఒకటి వచ్చి కాసేపుండి వెళ్లిపోయాక ఇంకోటి వచ్చేలా చేశాడు. ఆ పాట దాదాపు ఏడు నిమిషాలు, అందులో చివరికి అంతా కూలిపోతున్నట్టుంటుంది, అయినా ట్వీడీ గొంతు ఎక్కడా మునిగిపోదు. ఆ ఒక్క మిక్స్ విన్నాక మిగతా ఆల్బమ్‌ కూడా ఆయన చేతికే వెళ్లింది.

శామ్ జోన్స్ సినిమాలో నాకు అన్నిటికన్నా కష్టంగా అనిపించేది కంపెనీ వద్దన్న ఘట్టం కాదు. ఆరో పాట అయిపోయి ఏడో పాట మొదలయ్యే మధ్యలో ఉన్న కొద్ది సెకన్ల గురించి ట్వీడీ, బెన్నెట్ గొడవపడే సీను. కొద్ది సెకన్లు! బెన్నెట్ తను చెప్పేది అవతలివాడికి అర్థమైందని ఒప్పించుకునేదాకా వదలడు, ట్వీడీకేమో అర్థం కావాల్సిన అవసరమే లేదు, ఈ మాటలు ఆగిపోతే చాలు. ఆ తర్వాత ట్వీడీ బాత్రూంలోకి వెళ్లి వాంతి చేసుకుంటాడు, ఆయనకి మైగ్రేన్ ఉంది. బ్యాండ్‌లో ఉన్నవాడెవడైనా ఆ సీను చూస్తే ఇద్దరిలో ఎవరో ఒకరి స్థానంలో తను కనిపిస్తాడు. నేనైతే బెన్నెట్ వైపే ఉంటాను. ఆయన మాట్లాడే పద్ధతి విసుగు పుట్టిస్తుంది, కానీ ఆ గదిలో పనిని అంత పట్టించుకుంటున్న మనిషి ఆయనే. ఆల్బమ్ పూర్తయ్యాక ఆయన్ని బ్యాండ్‌లోంచి పంపించేశారు. 2009లో నలభై అయిదేళ్లకే చనిపోయాడు.

పేరు సంగతి చెప్పకుండా ముందుకెళ్తే బాగోదు. షార్ట్‌వేవ్ రేడియోలో నంబర్ స్టేషన్లని ఉండేవి. ఏ దేశానివో చెప్పరు, ఎవరికోసమో చెప్పరు, ఒక గొంతు అంకెలూ అక్షరాలూ చదువుతూ పోతుంది. గూఢచారులకి పంపే సందేశాలని అందరూ అనుకునేదే. ఇర్డియల్ అనే బ్రిటిష్ కంపెనీ 1997లో ఆ ప్రసారాలన్నీ పోగుచేసి సీడీల పెట్టె వేసింది. అందులో ఒకావిడ ‘యాంకీ, హోటల్, ఫాక్స్‌ట్రాట్’ అని (రేడియోలో Y, H, F అక్షరాలకి వాడే మాటలివి) అదే పనిగా చెబుతూ ఉంటుంది. పదో పాట చివర్లో గోల పెరిగిపోతుంటే దాని మధ్యలోంచి ఆవిడ గొంతు వినబడుతుంది. అడక్కుండా వాడుకున్నందుకు ఇర్డియల్ వాళ్లు దావా వేస్తే తర్వాత డబ్బిచ్చి రాజీ పడ్డారు.

ఆ గొంతు మొదటిసారి విన్నప్పుడు నాకు వెంటనే తుఫాను రాత్రుల ట్రాన్సిస్టర్ గుర్తొచ్చింది. మా వైపు వాళ్లకి అంకెలు చదివే రేడియో అంటే భయం. మచిలీపట్నం రేవులో ఇన్నో నంబరు ప్రమాద సూచిక, కాకినాడ రేవులో ఇన్నో నంబరు అని గరగరల మధ్య ఏ భావమూ లేని గొంతుతో చదివేవారు. ఆ నంబరు ఎంత పెరిగితే ఇంట్లో మాటలు అంత తగ్గిపోయేవి. 1996 నవంబరు 6 తుఫాను కోనసీమ కొబ్బరి తోటల్ని ఎలా నేలమట్టం చేసిందో చూసినవాళ్లు మా ఇళ్లలో ఇప్పటికీ ఉన్నారు. అమెరికా వాళ్లకి ఆ శబ్దం కళ కావచ్చు, వింత కావచ్చు. మా అమ్మకి ఆ పదో పాట చివర వినిపిస్తే “ఆపరా బాబూ, వాయుగుండం పట్టినట్టుంది” అంది. అంత సూటి రివ్యూ నేను ఏ పత్రికలోనూ చదవలేదు.

సరే, విడుదల. ఏఓఎల్ అనే ఇంటర్నెట్ కంపెనీ, వార్నర్ యజమాని టైమ్ వార్నర్ విలీనం 2001 జనవరిలో అయింది. కంపెనీలో పాతవాళ్లు వెళ్లిపోతున్నారు, బ్యాండ్‌ని ఇష్టపడే రిప్రైజ్ పెద్ద హౌవీ క్లైన్ కూడా వెళ్లిపోయాడు. మిగిలినవాళ్లకి రేడియోలో ఆడే పాట కావాలి. ఇందులో దుర్మార్గుడెవడూ లేడు, కొత్త యజమానికి లెక్క చూపించాల్సిన ఉద్యోగులున్నారంతే. ఆల్బమ్ రావాల్సిన తేదీ 2001 సెప్టెంబరు 11. ఆ రోజు ఏమైందో చెప్పక్కర్లేదు. అది రాలేదు కానీ, సరిగ్గా వారానికి, 18న, వెబ్‌సైట్‌లో మొత్తం ఆల్బమ్ వినిపించారు. కవర్ మీద షికాగోలోని మెరీనా సిటీ జంట భవనాలు. ఐదో పాటలో పెద్ద పెద్ద భవనాలు వణుకుతాయని ఒక మాట ఉంది. ఇవన్నీ ముందెప్పుడో రాసి, ముందెప్పుడో అనుకున్నవి. కానీ ఆ నెలలో విన్నవాళ్లకి అలా వినబడలేదు, వినబడదు కూడా. ఆ శరదృతువులో టూర్‌కి వెళ్తే, ఇంకా దుకాణంలోకి రాని పాటలకి జనం గొంతు కలిపి పాడారు.

నవంబర్లో నన్‌సచ్‌తో ఒప్పందం అయింది. నన్‌సచ్ మామూలు రాక్ కంపెనీ కాదు, దేశదేశాల సంప్రదాయ సంగీతాన్ని రికార్డు చేసి వేసిన చరిత్ర దానిది. మన కర్ణాటక విద్వాంసుడు రామ్నాడ్ కృష్ణన్ గాత్రం అరవైల్లోనే వేశారు. అలాంటి చోట వినేవాడికి ఓపిక ఉంటుందన్న నమ్మకం ముందే ఉంటుంది. 2002 ఏప్రిల్ 23న సీడీ వచ్చింది. ఊరికే విన్న పాటల్ని మళ్లీ ఎవడు కొంటాడు అన్నవాళ్లకి జవాబు మొదటి వారంలోనే దొరికింది, యాభై అయిదు వేలకు పైగా అమ్మి అమెరికా ఆల్బమ్ అమ్మకాల బిల్‌బోర్డు పట్టికలో 13వ చోట మొదలైంది, అప్పటికి వాళ్లకి అదే పెద్ద విజయం. పిచ్‌ఫోర్క్ అనే సంగీత వెబ్‌సైట్ పదికి పది ఇచ్చింది. విలేజ్ వాయిస్ పత్రిక విమర్శకుల ఓటింగులో ఆ ఏడాది మొదటి స్థానం దీనిదే.

ఇక్కడ నా అభిప్రాయం ఒకటుంది, విల్కో అభిమానులు తిట్టుకున్నా పర్లేదు. ఆ పదికి పదిలో కనీసం ఒక మార్కు కంపెనీ కథకి పడింది. వద్దన్న ఆల్బమ్ కాబట్టి గొప్పదే అయ్యుండాలి అన్న మూడ్‌లో అందరూ విన్నారు. తొమ్మిదో పాట ఏ రోజు విన్నా నాకు మామూలు పాటే. దాన్ని తీసేసి ఉంటే ఎవరూ అడిగేవాళ్లు కాదు. అలాగే ఇది జనానికి అర్థంకాని ప్రయోగం అని కూడా అంటారు, అదీ నిజం కాదు. ఐదో పాట వయొలిన్‌తో ఎంత హాయిగా సాగుతుందంటే దాన్ని ఏ రేడియోవాడైనా వేసుకోవచ్చు. ఎనిమిదో పాట పక్కా పాతకాలపు రాక్. కంపెనీవాళ్లు భయపడింది పాటలకి కాదు, పాటల చుట్టూ ఓరూర్క్ వదిలిన ఖాళీకి అని నా అనుమానం.

ఆ అనుమానం బలపడింది 2022లో. ఇరవయ్యేళ్ల సందర్భంగా నన్‌సచ్ పెద్ద పెట్టె ఒకటి వేసింది, అంతకుముందు ఎవరూ వినని ట్రాకులు ఎనభైకి పైనే ఉన్నాయందులో. 2023లో దానికి చారిత్రక ఆల్బమ్ విభాగంలో గ్రామీ కూడా వచ్చింది. అందులో అవే పాటలు వేరే వేరే రూపాల్లో ఉన్నాయి, కొన్ని నిండుగా, మెరుస్తూ, నిజంగా బాగున్నాయి. బెన్నెట్ ఇష్టపడిన దారిలోనే వెళ్లి ఉంటే ఇంకో మంచి ఆల్బమే వచ్చేది. కంపెనీ కూడా తీసుకునేదేమో. చెత్తని తీసేయడం ఎవడైనా చేస్తాడు. బాగున్నదాన్ని, పక్కన కూర్చున్నవాడు కష్టపడి వాయించినదాన్ని, వాడి ఎదురుగానే తీసేయడం ఉందే, అదీ ఈ ఆల్బమ్ తయారీ అంటే.

ఇదంతా ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, నరసాపురం వైపు నలుగురు కుర్రాళ్లు సొంత పాటలతో ఆల్బమ్ చేసుకుంటున్నారు, మిక్సింగ్ నా నెత్తిన పెట్టారు. అందులో పాడేవాడు నాకు తమ్ముడి వరస. తెలుగులో రాక్, సినిమాకి సంబంధం లేనిది. మన దగ్గర వీళ్లని వద్దనే కంపెనీ కూడా లేదు, అదే తేడా. డిస్ట్రిబ్యూటర్‌కి ఏడాదికింతని కడితే చాలు, స్పాటిఫైలోనూ యాపిల్‌లోనూ పాట వచ్చేస్తుంది, ఎవడూ ఆపడు, ఎవడూ వినడు కూడా. మొదటి పాట పెట్టినప్పుడు బంధువుల వాట్సాప్ గ్రూపులో లింకు పడిన అర నిమిషంలోనే ‘సూపర్ రా’లు వచ్చేశాయి, పాట చూస్తే నాలుగు నిమిషాలు. పెద్దనాన్న ఒకాయన “సినిమా ఛాన్సు ఎప్పుడ్రా?” అని అడిగాడు. అదొక్కటే నిజంగా విని అడిగిన ప్రశ్నలా అనిపించింది వాళ్లకి.

రికార్డింగ్ ఒక పాత కొబ్బరి గోడౌన్‌లో చేశాం. పీచు మూటలు గోడలకి పేరిస్తే ప్రతిధ్వని బాగానే తగ్గింది, స్టూడియో ఫోమ్ కొనే ఖర్చు తప్పింది. కానీ పక్కనే రొయ్యల చెరువులు. రాత్రయితే ఏరియేటర్లు వేయాల్సిందే, లేకపోతే ఆక్సిజన్ తగ్గి సరుకు పోతుంది, మన పాట కోసం వాటిని ఆపమని అడిగే మొహం ఎవరికుంది. మోటార్ల హమ్ యాభై, వంద హెర్ట్జ్ దగ్గర కూర్చుంటుంది, సరిగ్గా నా బేస్ ఉండాల్సిన చోట. ఫిల్టర్ పెట్టి కోస్తే బేస్ కూడా సన్నబడిపోతుంది. చివరికి డ్రమ్సూ బేసూ పగలు తీసుకుని, గొంతు మాత్రం రాత్రికి వదిలేశాం. గొంతులో ఆ కింది భాగం కోసేసినా నష్టం లేదు. గాలిలో ఉప్పుకి గిటారు తీగలు ఊరికే తుప్పు పడతాయి, అది వేరే ఖర్చు. సౌండ్ పెద్దదిగా రావాలని కుర్రాళ్ల గోల. మీరు ఎంత పెంచి పంపినా స్పాటిఫై తన లెవెల్‌కి, మైనస్ పద్నాలుగు లఫ్స్ (పాట ఎంత గట్టిగా వినబడుతుందో కొలిచే లెక్క) దగ్గరికి, దించేస్తుందిరా అని చెప్పినా నమ్మట్లేదు.

ఇప్పుడు అసలు పేచీ కీబోర్డు దగ్గర వచ్చింది. ఆ కుర్రాడు చర్చిలో నేర్చుకున్నవాడు, అక్కడ ప్రార్థన జరుగుతున్నంతసేపూ వెనకాల ప్యాడ్, అంటే కీబోర్డులో ఆగకుండా పరుచుకునే మెత్తటి స్వరం, మోగుతూనే ఉండాలి, ఖాళీ వస్తే పాస్టర్ గారు తలతిప్పి చూస్తారు. అదే అలవాటుతో తొమ్మిది పాటల్లోనూ మొదటి నుంచి చివరిదాకా ప్యాడ్ పట్టి వాయించాడు. చాలా బాగా వాయించాడు, అబద్ధం చెప్పను. నేను మూడు పాటల్లో పూర్తిగా మ్యూట్ చేసి, రెండిట్లో చివరి చరణానికి మాత్రమే ఉంచి అందరికీ పంపాను. పాడేవాడు “అన్నా, ఇప్పుడు నా మాటలు వినబడుతున్నాయి” అని మెసేజ్ పెట్టాడు. డ్రమ్స్ కుర్రాడు బొటనవేలు బొమ్మ పెట్టాడు. కీబోర్డు కుర్రాడు మెసేజ్ చూశాడని నీలం టిక్కులు చెబుతున్నాయి, ఫోన్ చేస్తే ఎత్తట్లేదు. ఆదివారం ఆరాధన అయ్యాక వాళ్లింటికి వెళ్తున్నాను, ల్యాప్‌టాప్‌లో రెండు మిక్సులూ పెట్టుకుని. ముందు వాడిదే వినిపిస్తాను.